అరవై మూడు శాతం

"ఏటీ సెయ్యనేదు మేడమ్" అన్నాడు.
అందరూ అదే అంటారు.
బండి వెనక తుండుగుడ్డతో కట్టి తెచ్చిన కేబినెట్టు
బల్ల మీద పెడుతుంటే
లోపల ఏదో స్క్రూ దొర్లిన చప్పుడు.

పేరు దాలినాయుడు. నెల్లిమర్లలో పెళ్ళి వీడియోలు.
గంటస్తంభం వెనక ఈ సందులోకి వచ్చేవాళ్ళు
నేను మూత విప్పేదాకా
నోరు విప్పరు.

పవర్ నొక్కాను.
ఫ్యాను తిరిగింది, ఆగింది,
మళ్ళీ తిరిగింది, ఆగింది,
అప్పడగడానికొచ్చి
గుమ్మం దగ్గరే తచ్చాడే మనిషిలా.
తెరంతా చీకటి.
బోర్డు అంచున ఒక్క ఎర్ర చుక్క:
ర్యామ్ దగ్గర ఆగిపోయానని.

"నిజం చెప్పు."
మెల్లిగా ఊడింది.
మాఘమాసం, చేతిలో పదకొండు పెళ్ళిళ్ళు,
ఒక్కోటి రెండర్ కావడానికి ఒక్కో రాత్రి.
ప్రాసెసర్ వేగం కొంచెం పెంచాడట.
మూడు రోజులు ఎదురే లేదట.
నాలుగో రోజు తలంబ్రాల దగ్గర నీలి తెర.
వోల్టేజీ ఇంకాస్త ఎక్కించాడు.
మళ్ళీ నీలం, ఈసారి బిందెలో ఉంగరం దగ్గర.
బయాస్ కొత్తది వేస్తే కుదురుకుంటుందని ఎవరో అంటే
రాత్రి పదిన్నరకి మొదలెట్టాడు.
అరవై మూడు శాతం.
"అప్పుడు కరెంటెల్లిపోనాది."
యూపీయస్?
"వొచ్చే సీజన్కి కొందారనుకున్నాను."

ముందు తేలికవి.
బిళ్ళ బ్యాటరీని గోటితో ఎత్తి
టీ తాగొచ్చేంతసేపు బయట ఉంచాను.
రెండు పిన్నుల మధ్య స్క్రూడ్రైవర్ ఆనించాను.
నాలుగు ర్యాములూ పీకి
బంగారుపూత పళ్ళని స్కూలు రబ్బరుతో రుద్ది
ఒక్కటే పెట్టి చూశాను.
అదే చుక్క. అదే ఎరుపు.

ఇంక చిప్పే.
చింతగింజలో సగం ఉంటుంది, ఎనిమిది కాళ్ళు.
ఈ పెట్టె నిద్ర లేవగానే తానెవరో
అందులోనే చదువుకుంటుంది.
క్లిప్పు పట్టించి నా లాప్‌టాప్‌లోకి లాగితే
వరసలు వరసలుగా అంకెలు, అక్షరాలు,
అక్కడక్కడా అర్థమయ్యే ఒక మాట,
ఉన్నట్టుండి ఒక గీత దగ్గర నుంచి
ఎఫ్ ఎఫ్ ఎఫ్ ఎఫ్ ఎఫ్
చివరిదాకా ఎఫ్‌లే.
చెరిపేశాక, రాయకముందు, చిప్పు అలా ఉంటుంది.
పాతది పోయింది, కొత్తది చేరలేదు.
కిందికి జరుపుకుంటూ చాలాసేపు చూశాను
ఎక్కడైనా ఒక్క అక్షరం మిగిలిందేమోనని.
"ఏటమ్మా అయ్యి?"
"కరెంటు పోయాక నీ రాత్రి" అన్నాను.

రాయడానికి ఏడు నిమిషాలు,
సరిపోల్చడానికి మూడు.
లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉందయ్యా అన్నా
అతను ట్యూబులైటు మీంచి కళ్ళు తియ్యలేదు.

లేచింది.
తేదీ మాత్రం జనవరి ఒకటి, రెండువేల పద్దెనిమిది అంది,
ఇంకా ఒక్క పెళ్ళీ చూడని రోజు.
గంటస్తంభం మీద ఎంతయిందో ఈ సందులోంచి కనబడదు;
ఫోను చూసి దిద్దాను.

అంతటితో అయిపోతే బాగుండేది.
ర్యాము వేగం మాత్రం మునుపట్లాగే పెట్టమన్నాడు.
పెట్టాను.
రెండర్ ఇచ్చిన పావుగంటకి మళ్ళీ నీలం.
ప్రాసెసర్ జోలికి పోలేదు, వోల్టేజీ మామూలే,
చెయ్యి పెట్టి చూస్తే వేడీ లేదు.
అప్పుడు చూశాను ర్యాముల్ని సరిగ్గా:
రెండు ఒక కంపెనీ, రెండు ఇంకోటి,
నాలుగింటినీ ఒకే కాడికి కట్టి తోలుతున్నాం.
మొదటి నీలం కూడా బహుశా దీనిదే.
పాపం ప్రాసెసర్ మీద వేసి
దానికి వాతలు పెట్టాడు.

ఒక మెట్టు దించాను.
"ఎంత స్లో అవుతాదేటి?"
లెక్కేశాను. "పెళ్ళికి తొమ్మిది నిమిషాలు."
"తొమ్మిదే?"
"తొమ్మిదే."
స్టూలు మీద కూలబడ్డాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.

ఇప్పుడు తెర మీద ఎవరో పెళ్ళికూతురు,
భోగాపురం వాళ్ళట,
నెత్తిన జీలకర్రా బెల్లంతో
చప్పుడు లేకుండా నవ్వుతోంది.
కింద పట్టీ పాకుతోంది.
యాభై తొమ్మిది. అరవై.
అరవై రెండు దగ్గర దాలినాయుడు
కేబినెట్టు మీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసినట్టు.

నేను గిన్నెలోంచి ఆ స్క్రూ తీసి
వెలుతురుకి తిప్పి చూస్తున్నాను.
బోర్డులో అన్ని రంధ్రాలూ నిండే ఉన్నాయి.
ఇది ఎక్కడిదో
ఇంకా తెలీలేదు.